నీళ్ల డాక్టరు తీసిన సినిమా

పోయిన చలికాలం పిత్తాశయంలో రాళ్లు తీయించుకోవడానికి హైదరాబాదులో ఒక పెద్ద ఆసుపత్రిలో చేరాను. ఆపరేషన్ ముందురోజు సాయంత్రం నీలం రంగు యూనిఫాం వేసుకున్న అమ్మాయి ఒకతి వచ్చి, బడిపిల్లల పలకంత ఉన్న ఫోను నా ఒళ్లో పెట్టింది.

"ఇది చూడండి ఆంటీ. ఆపరేషన్‌కి ముందు స్నానం ఎట్ల చెయ్యాలో ఇందులో ఉంటది. చూశాక సంతకం పెడితే చాలు" అంది.

తెర మీద ఒక బొమ్మ మనిషి షవర్ కింద నిలబడి మెడ రుద్దుకుంటున్నాడు. తర్వాత చంకలు. తర్వాత బొడ్డు. వెనక ఒక గొంతు, రేడియోలో వార్తలు చదివినట్టు, ఎక్కడెక్కడ ఎంత సేపు రుద్దుకోవాలో చెబుతోంది. బొడ్డు దగ్గరికి వచ్చేసరికి నాకు నవ్వు ఆగలేదు. పొట్టలో నొప్పి లేస్తున్నా నవ్వాను.

"ఏమైంది ఆంటీ" అని అడిగింది ఆ పిల్ల కంగారుగా.

"ఏం లేదమ్మా. ఈ సినిమా నేను మెదక్‌లో చూశాను. నువ్వు పుట్టకముందు" అన్నాను.

పెద్దదాన్ని, నొప్పికి ఇచ్చిన సూది మత్తు పనిచేస్తున్నదనుకుని ఉంటుంది. నవ్వి వెళ్లిపోయింది. ఆ అమ్మాయి వెళ్లాక చాలాసేపు ఆయనే కళ్లముందు తిరిగారు.

ఆయన పేరు రాయను. రాసినా మెదక్ వాళ్లలో చాలామందికి అది ఎవరి పేరో తెలియదు. ఊళ్లో అందరికీ ఆయన నీళ్ల డాక్టరు. మేం దవాఖాన వాళ్లం మాత్రం డాక్టర్ సాబ్ అనేవాళ్లం. నేను నర్సు చదువు ముగించి మెదక్‌లో ఉద్యోగంలో చేరేసరికి ఆయన అక్కడ సర్జన్. శివ్వంపేట దిక్కు వ్యవసాయం చేసుకునే ఇంటి మనిషి. భారీ విగ్రహం. చొక్కా చేతులు మోచేతుల పైదాకా మడిచి ఉండేవి. ఆ మడతలు ఎప్పుడు చూసినా తడిగానే ఉండేవి, ఎందుకంటే ఎక్కడ నల్లా కనబడినా ఆయన ఆగి చేతులు కడుక్కునేవారు.

ఎవరైనా ఎదురైతే లోకమంతా బాగున్నవా అని అడుగుతుంది. ఆయన "నీళ్లు పోసుకున్నవా?" అని, అంటే స్నానం అయిందా అని, అడిగేవారు. పేషంట్లను అడిగారంటే అర్థం ఉంది. రామాయంపేట బస్సులో కండక్టర్ని అడిగేవారు. కూరగాయల అంగట్లో కొత్తిమీర కట్టలు పేర్చుకునే ఆమెను అడిగేవారు. మా కాంపౌండరు కొడుకు పెళ్లికి వచ్చి, అక్షింతలు వేస్తూ, పీటల మీద కూచున్న పెళ్లికొడుకును కూడా అదే మాట అడిగారు. ఆ పిల్లవాడు బిత్తరపోయి "మంగళస్నానం జేసిన సార్" అన్నాడు. "షాబాష్" అని ఆయన వీపు తట్టి భోజనాలకు వెళ్లారు.

చేతులు కడుక్కోవడానికి ఆయనకు ఒక పద్ధతి ఉంది. పదమూడో ఎక్కం పైకి చదువుతూ కడుక్కునేవారు. మాతో కూడా చదివించేవారు. కొత్తలో నేను ఉండబట్టలేక అడిగాను, పదమూడే ఎందుకని.

"పన్నెండో ఎక్కం అందరికి నోటికొస్తది సిస్టర్. గడగడ చదివి చేతులు దులుపుకుంటరు. పదమూడు కాడ మనిషి ఆగి ఆలోచిస్తడు. గా ఆలోచించినంతసేపు చేతుల మీద నీళ్లు పడ్తనే ఉంటయి" అన్నారు.

వార్డు గుమ్మంలోకి రాగానే ఒక్క క్షణం నిలబడి గాలి పీల్చేవారు. మాకు ఫినాయిలు వాసన తప్ప ఏదీ తెలిసేది కాదు. ఆయన నేరుగా ఒక మంచం చూపించి "గా కట్టు విప్పుండ్రి" అనేవారు. విప్పితే లోపల చీము మొదలై ఉండేది. ఆ ముక్కు అంటే మాకు భయం. ఆయన కత్తి పనిమంతుడు, చేతివేళ్లు లావుగా ఉన్నా కుట్లు మాత్రం చీర అంచు కుట్టినంత సన్నగా వేసేవారు. అన్నీ సరిగ్గా చేసిన తర్వాత కూడా గాయం చెడిపోతే ఆయన ఆ పూట అన్నం ముట్టేవారు కాదు.

ఆ రోజుల్లో గాయాలు చెడిపోవడం మామూలు. పల్లెల నుంచి ఎడ్లబండ్ల మీద వచ్చేవాళ్లు. పొలంలో పని చేస్తూ చేస్తూ నొప్పి భరించలేక వచ్చినవాళ్లు. ఒంటి మీద బురద, దాని మీద ఆముదం, దాని మీద ఎవరో మంత్రించి రాసిన బూడిద. జబ్బు మనిషికి నీళ్లు తాకితే సన్నిపాతం వస్తుందని గట్టి నమ్మకం. రోగి పక్కన కూచున్న బంధువులు మందులకు అడ్డు చెప్పరు, సూదికి అడ్డు చెప్పరు. బకీటు నీళ్లు చూస్తే మాత్రం మంచానికి అడ్డం పడేవాళ్లు. డాక్టర్ సాబ్ ఊరికే ఉండేవారు కాదు. మంచం మంచానికీ తిరిగి చెప్పేవారు. అందరూ విని తలూపేవాళ్లు. ఆయన అటు తిరగగానే బకీటు మళ్లీ వరండాలోకి వెళ్లిపోయేది.

కుల్చారం నుంచి వచ్చిన ఒక రైతు సంగతి చెప్పాలి. గజ్జల్లో పేగు దిగి చాన్నాళ్లు బాధపడ్డాడు. ఎక్కువ రోజులు ఆగితే లాభం లేదని డాక్టర్ సాబ్ ఆపరేషన్ చేశారు. భార్య పోచవ్వ, గట్టి మనిషి, మేం ఎంత చెప్పినా అతనికి నీళ్లు పోయనివ్వలేదు. పైపైన స్పిరిట్ దూదితో తుడిచి కోశారు. ఆపరేషన్ చక్కగా అయింది. రెండు రోజులు అతను బాగానే కూచుని మాట్లాడాడు. తర్వాత గాయం ఎర్రబడింది, ఉబ్బింది, జ్వరం పట్టుకుంది. ఆ జ్వరం దించడానికి నేనే తడిబట్టతో అతని ఒళ్లు తుడిచాను. ఆ రాత్రికే చలి ఎక్కువైంది. ఎన్ని మందులు వేసినా అతను దక్కలేదు.

పోచవ్వ ఏడుస్తూ నా చేతిలోని తడిబట్ట వైపు చూపించి "నీళ్లే నా మనిషిని తిన్నయి" అంది.

డాక్టర్ సాబ్ ఆ మాట విన్నారు. వరండా మెట్ల మీద కూచుని, ఎండలో తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకున్నారు. "కోసుడు సక్కగనే కోసిన సిస్టర్. కాని గాయన పెయ్యి మీద తెచ్చుకున్న మట్టే గాయన్ని తీస్కపోయింది. గీ ముచ్చట గామెకు నేనెట్ల చెప్పాలె" అన్నారు.

ఆ తర్వాత కొన్నాళ్లకు ఆరోగ్యశాఖ వాళ్ల సినిమా బండి మెదక్ వచ్చింది. లోపల ప్రొజెక్టరు, మైకు ఉండే జీపు అది. మలేరియా మీద, మశూచి టీకా మీద ఊరూరా బొమ్మలు చూపించేవాళ్లు. డాక్టర్ సాబ్ ఆ ఆపరేటర్‌ను పట్టుకుని, స్నానం మీద ఏమైనా రీలు ఉందా అని అడిగారు. ఉంది, కాని ఇంగ్లీషుది అన్నాడతను. ఏదైనా సరే అన్నారు ఈయన. మగవాళ్ల వార్డు కిటికీలకు ఎర్ర కంబళ్లు కట్టి చీకటి చేశాం. నడవగలిగిన ఆడవాళ్లను కూడా తెచ్చి ఒక పక్కన కూచోబెట్టాం. గోడ మీద బొమ్మ పడింది.

తెల్లటి మనిషి ఒకడు తెల్లటి తొట్టిలో పడుకున్నాడు. మెడ దాకా నురగ. ఈల వేస్తూ కాళ్లు ఒక్కొక్కటే పైకెత్తి రుద్దుకుంటున్నాడు. ముసలమ్మలు కొంగు మొహాల మీదికి లాక్కున్నారు. తర్వాత వెనక నుంచి ఒక పెద్దాయన నిదానంగా అన్నాడు:

"దొర కుడితి తొట్లె గూసున్నడేందిర?"

ఇక అయిపోయింది. పశువులకు కుడితి పోసే తొట్టి తప్ప మరో తొట్టి ఆ వార్డులో ఎవరూ చూసి ఉండరు. నవ్వీ నవ్వీ కొందరు దగ్గులో పడ్డారు. ఆపరేటర్ యంత్రం ఆపేశాడు. నేను డాక్టర్ సాబ్ మొహం చూడటానికి భయపడ్డాను. ఆయన అందరికంటే ఎక్కువ నవ్వుతున్నారు. కళ్లు తుడుచుకుని, కిటికీకి కట్టిన కంబళి విప్పుతూ అన్నారు, "వాళ్లు నవ్వింది తప్పు గాదు సిస్టర్. గా దొర తానం మనకెందుకు. మన తానం సినిమా మనమే తీద్దాం."

మేం అది మాటవరసకు అన్నారనుకున్నాం. ఆయనకు మాటవరస అంటూ ఉండేది కాదు.

వ్యవసాయశాఖ తరఫున వరికోతల మీద బొమ్మ తీయడానికి పట్నం నుంచి ఒక కెమెరామన్ వచ్చి మెదక్‌లో దిగి ఉన్నాడు. అతనికి చంకలో పెద్ద గడ్డ లేచింది. చెయ్యి ఎత్తలేడు, కెమెరా పట్టలేడు. దవాఖానకు వచ్చాడు. డాక్టర్ సాబ్ గడ్డ కోసి, కట్టు కట్టి, పూర్తిగా మానేదాకా రోజూ తానే చూశారు. అతను వెళ్లే ముందు, ఏమిచ్చి మీ రుణం తీర్చుకోను అన్నాడు.

"నీ కాడ రీలు మిగిలిందా?" అన్నారు ఈయన.

కెమెరామన్ తటపటాయించి చెప్పాడు, కొంచెం మిగిలిందని, ఎడారిలో నీళ్లలాగా వాడుకోవాలని, ఒక్కసారి తీస్తే తీసినట్టే, తప్పు పోతే మళ్లీ తీయడానికి ఉండదని. మాట రికార్డు చేసే వీలు కూడా లేదు, బొమ్మ మాత్రమే వస్తుంది. "బొమ్మ చాలు. నోరు నాకున్నది" అన్నారు డాక్టర్ సాబ్.

ఇక స్నానం చేసేదెవరు? ముందు ఊళ్లో తాలీం, అంటే కుస్తీల గోదా, నడిపే పహిల్వాన్ ఉస్తాద్ దగ్గరికి వెళ్లారు, నన్నూ వెంట తీసుకుని. ఉస్తాద్ అంటే ఊరికి ఎంత గౌరవమో, ఉస్తాద్‌కు డాక్టర్ సాబ్ అంటే అంత గౌరవం. సంగతి విని ఆయన గడ్డం నిమురుకున్నాడు.

"డాక్టర్ సాబ్, మీరు జాన్ అడుగుండ్రి, ఇస్త. గీ పని మాత్రం నాతోని కాదు. బీమార్ మనిషి లెక్క నేను కనబడితే తాలీంల పోరగాళ్ల ముంగట నా ఇజ్జత్ ఏం గావాలె?"

కాంపౌండరు తన భార్య ఒప్పుకోదన్నాడు. వార్డు బాయ్ సెలవు పెట్టాడు. కోలుకున్న ఒక పేషంటు ఒప్పుకుని, తెల్లారేసరికి చెప్పకుండా ఊరికి వెళ్లిపోయాడు. కెమెరామన్ మర్నాడు పట్నం పోవాలి.

అప్పుడు డాక్టర్ సాబ్ చొక్కా గుండీలు విప్పడం మొదలుపెట్టారు.

"సాబ్, మీరా?" అన్నాను.

"ఎందుకు, నాకు పెయ్యి లేదా?"

ఈ మాట పై అధికారి ఒకాయన చెవిన పడింది. ఆయన పరుగున వచ్చి, గెజిటెడ్ ఆఫీసర్ గోచీ మీద జనానికి కనబడితే డిపార్టుమెంటు పరువేం కావాలని అడిగారు. డాక్టర్ సాబ్ చాలా వినయంగా, "కోటు మీద తానం జేసే ఉపాయం ఉంటే చెప్పుండ్రి సార్, గట్లనే చేస్త" అన్నారు. అధికారి తల పట్టుకుని వెళ్లిపోయారు.

ఆడవాళ్ల వంతు ఎవరు చేస్తారన్నది ఇంకా తేలలేదు. అది ఆయన తల్లి తేల్చింది. ఆమె కొడుకుతోనే క్వార్టర్‌లో ఉండేది. రెండు చేతుల నిండా పచ్చబొట్లు, నెత్తిన తెల్లటి కొప్పు, ఎవరికీ భయపడని మనిషి. సంగతంతా విని, "సిగ్గేందిర. చీర కట్టుకోనే నీళ్లు పోసుకుంట గద. నా లెక్క ముసలిది జేస్తే వయసు పిల్లలు చూసి నేర్సుకుంటరు. పట్టుమను గా కెమెరా డబ్బ" అని కొంగు నడుముకు చుట్టుకుంది.

దవాఖాన వెనక బావి పక్కన బండరాయి. ఇటుకల పొయ్యి మీద గంగాళంలో కాగిన నీళ్లు, ఒక చెంబు, కొత్త సబ్బు బిళ్ల, బీరపీచు, ఉతికి ఆరేసిన బట్టలు. ముందు తల్లి కూచుంది. నేను నీళ్లు పోశాను. జుట్టు మొదళ్లు, చెవుల వెనక, మెడ, చంకలు, గోళ్ల సందులు, మడమలు, డాక్టర్ సాబ్ పక్క నుంచి చెబుతుంటే ఆమె ఒక్కొక్కటే రుద్దుకుంది. చీర మీద నుంచే బొడ్డు దగ్గర ఎలా శుభ్రం చేసుకోవాలో చూపింది. తర్వాత పొడి తువ్వాలతో తుడుచుకుని, ఉతికిన చీర చుట్టుకుంది. నూనె సీసా చూపించి, వద్దని చెయ్యి ఊపింది.

తర్వాత డాక్టర్ సాబ్ గోచీ కట్టుకుని బండ మీద కూచున్నారు. అప్పుడు చూశాను, ఆయన పొట్ట మీద కుడిపక్కన పాత ఆపరేషన్ మచ్చ. కెమెరా గిర్రుమంటోంది. ఆయన మచ్చను వేలితో చూపించి, నీళ్లు పోసుకుని, సబ్బు రుద్దుకోవడం మొదలుపెట్టారు. కెమెరా ముందు కాబట్టి కాస్త నాజూకుగా రుద్దుకుంటున్నారు. తల్లికి అది నచ్చలేదు.

"గట్ల నిమిరితె మట్టి పోతదార?" అంటూ నేరుగా బొమ్మలోకి నడిచి వచ్చేసింది. ఆయన చేతిలోని పీచు లాక్కుని, మెడ వంచి, ఆ భారీ వీపును బర్రెను కడిగినట్టు తోమింది. ఆయన వద్దు వద్దని చేతులు ఊపుతున్నారు. ఆమె ఒక్కటేసి, చెంబు మీద చెంబు నీళ్లు నెత్తిన కుమ్మరించింది. నేను బెదిరిపోయి కెమెరామన్ వైపు చూశాను. అతను ఆపలేదు. ఆఖరి చెంబు పడేసరికి రీలు అయిపోయింది.

పట్నంలో ఫిల్ము కడిగించి పంపుతానని అతను చెబితే డాక్టర్ సాబ్ ఆగిపోయారు. "ఏంది, ఫిల్ముకు గూడ తానం కావాల్నా?" అని అడిగారు. ఆ మాట నెల రోజులు కనబడిన వాళ్లందరికీ చెప్పుకున్నారు.

రీలు వచ్చాక మళ్లీ కిటికీలకు కంబళ్లు కట్టాం. సినిమా బండి మెదక్ వచ్చినప్పుడల్లా మా వార్డులో ఒక ఆట వేసేట్టు ఆపరేటర్‌ను ఆయన ముందే ఒప్పించి పెట్టారు. మొదటిసారి గోడ మీద గోచీతో డాక్టర్ సాబ్ కనబడగానే వార్డులో తలలన్నీ పైకి లేచాయి. అదే మనిషి ప్యాంటు చొక్కా వేసుకుని గోడ పక్కన కర్ర పట్టుకుని నిలబడి ఉన్నారు. జనం ఈయన్నీ గోడనూ మార్చి మార్చి చూశారు. ఆయన కర్రతో గోడ మీది తన పొట్టను పొడిచి, "గీ మచ్చ చూసిండ్రా? నన్ను గూడ కోసిండ్రు. సుబ్బరంగ నీళ్లు పోసుకోని పోయిన, సుబ్బరంగ ఇంటికొచ్చిన. మీ ముంగట్నే ఉన్న" అన్నారు. తల్లి వచ్చి పీచు లాక్కునే చోట మాత్రం నవ్వుతో వార్డు అదిరిపోయింది. కుట్లతో ఉన్న ఒకతను పొట్ట పట్టుకుని, "సాబ్, జర ఆపుండ్రి, కుట్లు తెగుతయి" అని బతిమాలాడు.

మర్నాడు పొద్దున ఆపరేషన్ ఉన్న మనిషి తనంతట తానే బకీటు అడిగాడు. అది నేను నమ్మలేకపోయాను.

ఇదంతా ఇలా నడుస్తుండగా పోచవ్వ మళ్లీ వచ్చింది. ఈసారి కోడలు సత్తెమ్మతో. ఆ పిల్లకు పెళ్లై ఎక్కువ కాలం కాలేదు, కడుపులో గడ్డ పెరిగి, అన్నం సయించక, నొప్పితో మెలికలు తిరుగుతోంది. కొడుకు చేను కాడ ఉన్నాడు, పోచవ్వే బండి కట్టించుకుని తెచ్చింది. మొగుడు చనిపోయిన చోటికి మళ్లీ రావడం ఎంత కష్టమో ఆమె నడకలోనే తెలుస్తోంది. డాక్టర్ సాబ్ పరీక్ష చేసి, ఆపరేషన్ చేసి తీసేస్తే పిల్ల బతుకుతుంది, ఆలస్యం చేస్తే కష్టం అన్నారు.

"కోయుండ్రి. మీ కాల్మొక్త. కాని నీళ్లు తాకియ్యద్దు" అంది పోచవ్వ.

"నీళ్లు పోసుకోకుంటె నేను కొయ్య అవ్వ."

"నా పెనిమిటి మీద నీళ్లు ముట్టిచ్చిండ్రు, సలిజరం తోని పోయిండు. గీ పిల్లను గూడ తిందురా?"

ఆయన ఒక స్టూలు లాక్కుని ఆమె ఎదురుగా కూచున్నారు. "నీ పెనిమిటిని నేనే కోసిన. నాకు యాదున్నది. గా తప్పు నీళ్లది గాదు."

"మరెవలది?"

ఆయన తన చేతుల వైపు చూసుకున్నారు. తర్వాత, "నాది గూడ ఉన్నది. నువ్వద్దన్నవని నీళ్లు పోయియ్యకుంట కోసిన. ఇగ మీదట గట్ల కొయ్య" అన్నారు.

పోచవ్వ లేచి మూట కట్టుకుంది. తెచ్చిన బండి అప్పటికే తిరిగి వెళ్లిపోయింది, కుల్చారం బస్సు మధ్యాహ్నం దాటాక వస్తుంది. ఎండలో కోడలు నిలబడలేకపోతోంది, బస్సు వచ్చేదాకా వార్డు వరండాలో నీడన కూచోమని నేను బతిమాలాను. ఆ రోజు సినిమా బండి వచ్చిన రోజు. లోపల కంబళ్లు కట్టి ఆట మొదలుపెట్టారు. నవ్వులు వినబడి సత్తెమ్మ తల తిప్పింది. పోచవ్వ కూడా గుమ్మం దాకా వచ్చి, ద్వారబంధం పట్టుకుని లోపలికి చూసింది.

ముందు డాక్టర్ సాబ్ తల్లి స్నానం చేసింది. పోచవ్వ ఆ పచ్చబొట్ల వైపే చూస్తోంది, తన చేతుల మీద కూడా అలాంటివే ఉన్నాయి. తర్వాత కొడుకు బండ మీద కూచోవడం, తల్లి వచ్చి పీచు లాక్కోవడం, ఒక్కటేసి నీళ్లు కుమ్మరించడం. అందరూ నవ్వుతున్నారు, పోచవ్వ నవ్వడం లేదు.

"గామె ఎవలు బిడ్డా?" అని అడిగింది నన్ను.

"డాక్టర్ సాబ్ వాళ్ల అవ్వ."

"కన్నతల్లా?"

"కన్నతల్లే."

ఆమె గోడ వంక చూస్తూనే ఉంది. బొమ్మ అయిపోయి, తెల్లటి వెలుగు మాత్రం మిగిలింది. అప్పుడు అంది, నాతో కాదు, తనలో తనే అనుకున్నట్టు: "కన్నకొడుకు నెత్తి మీద తల్లి పాణం తీసే నీళ్లు పొయ్యది గద."

బస్సు హారన్ వినబడింది. ఆమె బస్సు వైపు కదలలేదు. లోపలికి వచ్చి, జనాన్ని తప్పించుకుంటూ డాక్టర్ సాబ్ ముందు నిలబడింది.

"సారూ, గా సినిమ ఇంకోపారి ఎయ్యిండ్రి. నేను మంచిగ చూడాలె. మీ నర్సులు ముట్టద్దు. నా కోడలికి నేనే పోసుకుంట."

ఆయన ఆపరేటర్ వైపు తిరిగి, "మళ్ల తిప్పు" అన్నారు. ఈసారి ఆయన కర్ర పట్టుకోలేదు, మైకు తీసుకోలేదు. పోచవ్వ పక్కన కింద కూచుని, ఆమె అడిగినదానికల్లా మెల్లగా జవాబు చెప్పారు. గోళ్లెందుకు, బొడ్డులో ఏముంటది, నూనె ఎందుకు రాయద్దు, తల తడిస్తే ఎంతసేపట్ల ఆరాలె. మిగతా పేషంట్లు కూడా దగ్గరికి జరిగి విన్నారు. ఆ ఒక్కసారి ఎవరూ నవ్వలేదు.

ఆ సాయంత్రం, మళ్లీ మర్నాడు పొద్దున, పోచవ్వ తన చేతులతో కోడలికి నీళ్లు పోసింది. నేను వేడినీళ్ల బకీటు అందించి పక్కకు జరిగాను. చెవుల వెనక రుద్దుతూ ఆమె ఒకసారి ఆగి, నా మొహం చూసింది, సరిగ్గా చేస్తున్నానా అన్నట్టు. తల ఊపాను. సత్తెమ్మ చలికి కాదు, భయానికి వణుకుతోంది. "ఏం గాదు బిడ్డా. నేనున్న" అంటూనే ఉంది అత్త, ఆఖరి చెంబు దాకా.

ఆపరేషన్ చాలాసేపు పట్టింది. గడ్డ పెద్దదే. కుట్లు వేస్తున్నప్పుడు ఆయన ఒక్కసారి కూడా తల ఎత్తలేదు. తర్వాతి రోజులు ఆయనెలా గడిపారో నాకు తెలుసు. ఏదో వంకతో వార్డుకు వచ్చేవారు, గుమ్మంలో నిలబడి గాలి పీల్చి వెళ్లిపోయేవారు. పోచవ్వ మంచం పక్కనే నేల మీద కూచుని, కోడలి నుదుటి మీద చెయ్యి వేసి చూసుకునేది. జ్వరం రాలేదు.

కట్టు విప్పే రోజు వచ్చింది, నేనే విప్పాను. ఆయన వంగి చూశారు. గాయం పొడిగా, సన్నటి గీతలా ఉంది. కుట్ల దగ్గర ఎర్రదనం కూడా లేదు.

"చీముందా సారూ?" అని అడిగింది పోచవ్వ. ఆమె ఆ వైపు చూడలేక గోడకు తిరిగి నిలబడింది.

"లేదవ్వ. ఇటు దిరిగి చూడు."

ఆమె తిరిగి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల మీద కూలబడింది. డాక్టర్ సాబ్ ఆమె పక్కనే కూచున్నారు.

ఆ తర్వాత కుల్చారం నుంచి వచ్చే బండ్లలో ఆపరేషన్ మనుషులు ఉతికిన బట్టల మూటతో, సబ్బుబిళ్లతో సహా దిగడం మొదలుపెట్టారు. "సినిమ తానం యాడ పోస్తరు?" అని గేటు దగ్గరే అడిగేవాళ్లు. బావి పక్కన గంగాళం కింద పొయ్యి ఆరేది కాదు. చీము కట్లు మార్చడానికే సగం పూట పోయే మాకు చేతులు ఖాళీ అయ్యాయి. ఒకరోజు ఉస్తాద్ వచ్చి, మళ్లీ సినిమా తీస్తే ఈసారి తాను కూచుంటానన్నాడు. "రీలు లేదు ఉస్తాద్, మౌకా పోగొట్టుకున్నవు" అని డాక్టర్ సాబ్ ఆయన్ను ఆటపట్టించారు.

పంట ఇళ్లకు వచ్చాక కుల్చారం వాళ్లే కబురు పంపారు, మా ఊళ్లో కూడా ఆ బొమ్మ వేయమని. సినిమా బండిలో ఆపరేటర్, డాక్టర్ సాబ్, నేను పొద్దుగూకే వేళకు వెళ్లాం. బడి ముందు రెండు గుంజలకు తెల్లటి ధోవతి కట్టారు. ఊరంతా నేల మీద కూచుంది. డాక్టర్ సాబ్ మైకు అందుకోబోతుంటే జనంలోంచి పోచవ్వ లేచి వచ్చింది.

"సారూ, గా గొట్టం ఇటియ్యి. గీ ఊరోళ్లకు నేను చెప్త."

ఆయన మారుమాట లేకుండా ఇచ్చేసి, వెనక్కి వచ్చి నా పక్కన నేల మీద కూచున్నారు. ధోవతి మీద బొమ్మ కదిలింది. తల్లి స్నానం చేస్తుంటే పోచవ్వ ఒక్కొక్కటే చెప్పుకొచ్చింది, ఎక్కడా తడబడలేదు. గోచీతో డాక్టర్ సాబ్ వచ్చేసరికి వెనక కూచున్న కుర్రాళ్లు కిసుక్కుమన్నారు.

"నవ్వుకుంటె నవ్వుకోండ్రి" అంది ఆమె మైకులో, గొంతు పెంచకుండా. "గంత పెద్ద డాక్టరు మన కోసం సిగ్గిడిసి కూసున్నడు. నా పెనిమిటిని దవాఖానకు తోల్కపోయిన. నీళ్లు ముట్టనియ్యలె. గాయన రాలె, మీకెరికే. నా కోడలికి గీ చేతులతోని నీళ్లు పోసిన. గామె గాడ కూసున్నది. చూడుండ్రి."

ఊరంతా ఒక్కసారి వెనక్కి తిరిగింది. ఆడవాళ్ల వరసలో సత్తెమ్మ కొంగు సర్దుకుని, మొదట తల వంచుకుని, తర్వాత లేచి నిలబడింది. ఒళ్లు నిండుగా ఉంది. దగ్గరున్న ముసలమ్మ ఒకామె ఆమె చెయ్యి పట్టుకుని చూసింది. వెనకవాళ్లు కనబడక మోకాళ్ల మీద లేచారు. అటు ధోవతి మీద తల్లి పీచు లాక్కుంటోంది, చెంబు మీద చెంబు కుమ్మరిస్తోంది, అటు ఒక్కరూ చూడటం లేదు.

డాక్టర్ సాబ్ నా వైపు వంగారు. ప్రొజెక్టరు వెలుగులో ఆయన మొహం తడిగా మెరుస్తోంది.

"చూసినవా సిస్టర్, నన్నొక్కడు గూడ చూస్తలేడు" అన్నారు. అంత ఆనందంగా ఆయన నవ్వడం నేను మళ్లీ చూడలేదు.